పనికిరాదని రాసిన మందు

ఆసుపత్రి ల్యాబులో ఆమెను అందరూ పాదరసం అనేవారు. ఎదురుగానే అనేవారు. ఆమె కూడా ఏమీ అనుకునేది కాదు. కాలు ఒకచోట నిలవని మనిషిని ఇంకేమంటారు? ఇంక్యుబేటర్లో ప్లేట్లు పెట్టి తలుపు వేసిన పావుగంటకే మళ్ళీ తీసి చూసేది. ప్లేటు మీద బ్యాక్టీరియా కంటికి కనబడేలా పెరగాలంటే కనీసం పదహారు, పద్దెనిమిది గంటలు పడుతుందని ఆమెకు తెలియక కాదు, పన్నెండేళ్ళుగా చేస్తున్న పనే అది. తెలిసినంత మాత్రాన చెయ్యి ఊరుకుంటుందా?

ఆ మంగళవారం ఉదయం ఆరున్నరకు ఆమె డ్యూటీలోకి వచ్చేసరికి రక్తం సీసాల యంత్రం కూస్తోంది. రోగుల నుంచి తీసిన రక్తాన్ని సీసాల్లో పోసి ఆ యంత్రంలో వెచ్చగా ఉంచుతారు. ఏ సీసాలోనైనా క్రిమి పెరిగితే యంత్రం కూత పెడుతుంది, ఆ సీసా ఉన్న గడి దగ్గర ఎర్ర దీపం వెలుగుతుంది. ఆమె దీపం చూసి సీసా తీసింది. చీటీ మీద పేరు చదివింది. మరోసారి చదివింది. అది ఆమె అత్తగారి పేరు.

నిన్న సాయంత్రమే అత్తగారిని అదే ఆసుపత్రిలో చేర్చారు. నాలుగు రోజులుగా జ్వరం, నడుము నొప్పి. ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా నిలబడి పనిచేసిన మనిషికి నడుము నొప్పి వింతేమీ కాదని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. మెడ వెనక ఓ సెగగడ్డ లేచి, దాన్ని తనే సూదితో పొడుచుకున్న సంగతి ఆవిడ ఆసుపత్రి మంచం ఎక్కాక గాని బయటపెట్టలేదు.

కోడలు గాజుపలక మీద ఓ చుక్క వేసి, రంగు పట్టించి, మైక్రోస్కోపులో చూసింది. ఊదారంగు చుక్కలు, ద్రాక్షగుత్తుల్లా. అది స్టాఫ్ అనే క్రిమి. మనుషుల ఒంటి మీద తన మానాన తాను బతికేదే. రక్తంలోకి దిగిందంటే మాత్రం ఇంట్లో నిప్పు రాజుకున్నట్టే. సీసా యంత్రంలో పెట్టి పదమూడు గంటలే అయింది. అంత తొందరగా కూసిందంటే రక్తంలో క్రిములు గుంపులు గుంపులుగా ఉన్నాయన్నమాట.

ఆమె వార్డుకు ఫోను చేసి, పేరూ మంచం నంబరూ చెప్పి, ఫలితం చెప్పింది. అవతల నర్సు రాసుకుంటూ, "రోగి వయసెంత అండీ?" అంది.

"అరవై ఏడు. మా అత్తయ్య," అంది ఆమె. ఆ తరువాత ఫోను పెట్టేయడం మరిచిపోయి, రిసీవరు చేత్తో పట్టుకునే గది ఈ చివర నుంచి ఆ చివరకు నడవబోయింది. తీగ అడ్డం తగిలి ఆగింది.

మర్నాడు మందుల పరీక్ష వచ్చింది. ఏ మందు ఆ క్రిమిని చంపుతుంది, ఏది చంపదు అని చెప్పే పట్టిక అది. స్టాఫ్‌కి మామూలుగా ఇచ్చే పాత మందు ఎదురుగా 'పనికిరాదు' అని తేలింది. ఆ అక్షరాలు కంప్యూటర్లో కొట్టింది ఆమె చేతులే. మొండి స్టాఫ్. దానికి ఇచ్చే పెద్ద మందు వాన్కోమైసిన్ అప్పటికే సెలైన్లో కలిపి ఎక్కిస్తున్నారు. పట్టికలో అది పనిచేస్తుందనే ఉంది, కాకపోతే హద్దుకు అతి దగ్గరగా.

తరువాత వారం రోజులూ ఆమె ప్రాణం యంత్రం కూత మీదే ఉంది. రోజు విడిచి రోజు రక్తం తీసేవారు, రోజు విడిచి రోజు అది కూసేది. ఒకసారి పద్నాలుగో గంటకు, ఒకసారి పదమూడున్నరకు. స్కానులో వెన్నుపూస పక్కన చీము కనబడితే సర్జను పొడుగాటి సూదితో లాగేశాడు. గుండె కవాటాలు చూశారు, వాటికేమీ కాలేదన్నారు. అయినా ఏడో రోజు సీసా కూడా కూసింది.

అత్తగారిని చూస్తున్న క్రిముల డాక్టరుకు నర్సులు 'రేపు డాక్టర్' అని పేరు పెట్టారు. ఏమడిగినా గడ్డం గోక్కుని "రేపు చూద్దాం" అంటాడు. పాదరసానికి ఆయన్ని చూస్తేనే ఒళ్ళు మండేది. ఏడో రోజు ఫలితం చేత్తో పట్టుకుని ఆమె వార్డు వరండాలో ఆయన కోసం కాపు కాసింది. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త గోడకానుకుని నిలబడ్డాడు. ఎక్కడ నిలబెడితే అక్కడ ఉండే మనిషి అతను. అత్తగారు కూడా అనేది, నా కొడుకుని గోడకి మేకు కొట్టి వేలాడదీసినా మేకుకే విసుగు పుడుతుంది గాని వాడికి పుట్టదు అని.

డాక్టరు కాగితం చదివి గడ్డం గోక్కున్నాడు. రేపు అంటాడని ఆమె పళ్ళు బిగబట్టుకుంది.

"ఇవాళే ఇంకో మందు కలుపుదాం," అన్నాడాయన. పేరు చెప్పాడు.

అది ఆ పాత మందే.

"సర్, అది పనికిరాదు," అంది ఆమె. "ఆ రిపోర్టు నేనే చేశాను. ప్లేటు నిండా గడ్డిలా పెరిగింది. నా కళ్ళతో చూశాను."

"చూశారు. అది ఒంటరిగా ఉన్నప్పుడు." ఆయన గోడకానుకున్న భర్తకు కూడా అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పాడు. "క్రిమి చుట్టూ ఒక గోడ ఉంటుంది. ఆ గోడ కట్టుకునే పనిముట్టును పాడుచేయడమే పాత మందు పని. ఈ మొండి రకం పనిముట్టు మార్చుకుంది, దాంతో పాత మందుకు పట్టు దొరకడం లేదు. వాన్కోమైసిన్ అదే గోడను ఇంకోవైపు నుంచి చెడగొడుతుంది. రెండూ ఒకేసారి పడితే కొన్ని క్రిములు తట్టుకోలేవు. అన్నీ అలా లొంగుతాయని చెప్పను."

"మరి మొదటి రోజే ఎందుకు ఇవ్వలేదు?" అన్నాడు భర్త. వారం మొత్తంలో అతను అడిగిన మొదటి ప్రశ్న అది.

"కిడ్నీల వల్ల. చాలామంది రోగుల మీద చేసి చూశారు. రెండూ కలిపితే రక్తం తొందరగా శుభ్రపడింది. కానీ దానివల్ల ఎక్కువమంది బతికారని తేలలేదు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు మాత్రం ఎక్కువే. అందరికీ ఇచ్చే మందు కాదిది. కానీ ఏడు రోజులైనా రక్తంలో క్రిమి పోకపోతే చూస్తూ కూర్చోవడమూ ప్రమాదమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మీ అమ్మగారిని అడుగుదాం, ఒళ్ళు ఆవిడది."

అత్తగారు అంతా విని, ఎండిపోయిన పెదాలు తడుపుకుని, "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారే, డాక్టరుగారూ," అంది.

"ఇముడుతాయో లేదో రోజూ చూస్తుంటాం అమ్మా. ఒర కోసుకుపోతుంటే ఒకటి తీసేస్తాం."

"సరే కానివ్వండి. పనికిరాడని ఇంట్లో కూర్చోబెట్టినవాణ్ణి పిలిచి పని చెబుతున్నారు. చేస్తాడేమో చూద్దాం." అలా అంటూ కొడుకు వైపు చూసింది. అతను నవ్వాడు. కోడలికి మాత్రం నవ్వు రాలేదు.

మధ్యాహ్నానికల్లా రెండో మందు మొదలైంది. ఆరుగంటలకో మోతాదు. నరంలోకి వెళ్తుంటే చెయ్యి భగ్గుమని మండేది. అత్తగారు కళ్ళు మూసుకుని, పాత రూటులోని బస్టాపుల పేర్లు ఒక్కొక్కటే గొణుక్కునేది. చివరి స్టాపుకి వచ్చేసరికి మోతాదు అయిపోవాలని ఆవిడ లెక్క.

కోడలు ల్యాబుకు వెళ్ళి పెద్ద డాక్టరమ్మ ముందు నిలబడింది. ల్యాబంతా ఆవిడ చేతి కిందే నడుస్తుంది. "మేడమ్, ఆ రెండు మందులూ కలిపి మన దగ్గర చూస్తాను. మూడు ప్లేట్లు చాలు."

"చూడు. కానీ చదివేది నువ్వు కాదు. సొంత మనిషి ప్లేటు చదివేటప్పుడు కంటికి మనసు అడ్డొస్తుంది. తాత చదువుతాడు."

తాత అంటే ఆ ల్యాబులోని ముసలి టెక్నీషియన్. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. కళ్ళజోడు తుడుచుకోవడానికే ఐదు నిమిషాలు తీసుకుంటాడు. ఆమె మూడు ప్లేట్ల మీదా అత్తగారి క్రిమిని పలచగా పూసింది. మొదటిది మామూలు ప్లేటు. రెండోదాంట్లో పాత మందు కొంచెం కలిసి ఉంది. ఆ రెండింటి మీదా వాన్కోమైసిన్ పట్టీ ఒక్కొక్కటి అంటించింది. ఒక చివర చిక్కగా, రెండో చివర పలచగా మందు ఉండే సన్నటి పట్టీ అది. క్రిమి ఎంత మందుకు చస్తుందో దాని మీద అంకె చూసి చెప్పొచ్చు. మూడో ప్లేటులో ఉన్నది పాత మందు ఒక్కటే.

పట్టీ మీద ఫలితం నమ్మాలంటే ఇరవై నాలుగు గంటలు ఆగాలి. ఆ ఇరవై నాలుగు గంటల్లో ఆమె ఇంట్లో అలమరలన్నీ దింపి సర్దింది, సర్దినవే మళ్ళీ దింపింది. మర్నాడు మధ్యాహ్నం తాత వెలుతురు కింద ప్లేట్లు పెట్టుకుని కళ్ళజోడు తుడుస్తుంటే, ఆ కళ్ళజోడు లాక్కోకుండా ఉండడానికి రెండు చేతులూ కోటు జేబుల్లో దూర్చుకుంది.

"మూడో ప్లేటు, పాత మందు ఒక్కటే. క్రిమి నిండా పెరిగింది," అన్నాడు తాత. "మొదటి ప్లేటు, వాన్కోమైసిన్ ఒక్కటే. రెండు అంకె దగ్గర ఆగింది." మూడోసారి కళ్ళజోడు సర్దుకున్నాడు. "రెండూ కలిసిన ప్లేటు. అర అంకె దగ్గరే ఆగిపోయింది. అంటే నాలుగో వంతు మందుకే చచ్చిందమ్మాయ్."

ఆమె వంగి చూసింది. ఒకదాని మీద పట్టీ పక్కన సన్నటి ఖాళీ, ఇంకోదాని మీద పడవ ఆకారంలో వెడల్పాటి ఖాళీ. ప్లేటు మీద జరిగినదంతా మనిషి ఒంట్లో జరగదని ఆమెకు తెలుసు. అయినా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ సాయంత్రం అయిదింటికి కొత్త రక్తం సీసా యంత్రంలోకి ఎక్కింది. రెండు మందులు కలిపాక మొదటి సీసా. మరుసటి ఉదయం ఆరింటికి పదమూడు గంటలు నిండాయి. కూత లేదు. పద్నాలుగు, పదిహేను. ఆమె ఆ పొద్దున యంత్రం ముందుకు ఎన్నిసార్లు వచ్చి పోయిందో ఆమెకే తెలియదు. తాత విసుక్కున్నాడు. "యంత్రం కూయాలని ఉంటే అదే కూస్తుంది. నువ్వు దాని మొహంలోకి చూస్తే సిగ్గుపడుతుందేమో."

మధ్యాహ్నం ఒంటిగంటకు ఇరవై గంటలయ్యాయి. ఇక ఆమె వల్ల కాలేదు. సీసాను అయిదు రోజులు చూశాక గాని ఏమీ పెరగలేదని రాయకూడదు. ఆ నియమం గోడ మీద ఉంది, ఆమె చేతి రాతే. అయినా ఆమె మెట్లు దిగి వార్డుకు పరుగెత్తింది.

"అత్తయ్యా, ఏమీ పెరగలేదు. రక్తం శుభ్రపడింది."

అత్తగారి మొహం వికసించింది. కొడుకు వారం తరువాత మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు, కూర్చుని మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. ఆవిడ పక్క మంచం ఆవిడకి చెప్పింది, ఫోనులో కూతురికి చెప్పింది, రొట్టె పాలలో ముంచుకుని రెండు ముక్కలు తింది. కోడలు గాల్లో తేలుతూ ల్యాబుకు వెళ్ళిపోయింది.

అయిదున్నరకు, ఆమె కోటు విప్పి తగిలిస్తుండగా యంత్రం కూసింది.

ఏ గడిలో దీపం వెలిగిందో దూరం నుంచే తెలిసింది. తాత సీసా తీసి, చుక్క వేసి, రంగు పట్టించి చూశాడు. పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు. ఊదారంగు గుత్తులు. ఇదివరకటి కంటే తక్కువే గాని గుత్తులే.

ఆమె వార్డుకు వెళ్ళేసరికి ఇంకో సంగతి తెలిసింది. మధ్యాహ్నం రెండింటికి ఇవ్వాల్సిన మోతాదు పెట్టడానికి వచ్చిన నర్సును అత్తగారు తిప్పి పంపేసింది. రక్తం శుభ్రపడిందని ల్యాబులో పనిచేసే మా కోడలే చెప్పింది, ఇక ఆ మంట మందు నాకెందుకు అని మంకుపట్టు పట్టింది. నర్సు డాక్టరు కోసం కబురు పెట్టింది, ఆయన ఏదో ఆపరేషను గదిలో ఉన్నాడు. ఒక మోతాదు పోయింది.

కోడలు మంచం పక్కన నిలబడింది. కూర్చోలేకపోయింది.

"అత్తయ్యా, నేను చెప్పింది తప్పు. ఇందాక సీసా కూసింది. క్రిమి ఇంకా ఉంది. ఆగాల్సింది, ఆగలేదు. తొందరపడి నోరు జారాను."

కొడుకు తలెత్తి భార్య వైపు చూశాడు. అంత కోపం అతని కళ్ళలో ఆమె ఎప్పుడూ చూడలేదు. అతను మాత్రం ఏమీ అనకుండా లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. దానికంటే నాలుగు మాటలు అన్నా బాగుండేది.

"ముప్ఫై ఏళ్ళలో బస్సు ఆగకముందే దిగి పడినవాళ్ళను ఎంతమందిని లేవదీశానో," అంది అత్తగారు. "పడినవాళ్ళని ఎప్పుడూ తిట్టలేదు. దెబ్బే చెబుతుంది వాళ్ళకి." చెయ్యి చాపింది. "ఆ నర్సమ్మని పిలువు. మంట మందు పెట్టమను. అమ్మాయికి ఫోను నువ్వే చెయ్యి. నేను చెప్పలేను."

ఆడపడుచుకు ఫోను చేసి ఆ మాట చెప్పడం ఆ వారంలో ఆమె చేసిన పనులన్నిటిలోకీ కష్టమైంది. ఆడపడుచు అంతా విని, "వదినా, ఇకమీద డాక్టరు చెబితేనే నాకు చెప్పు," అని ఫోను పెట్టేసింది.

రేపు డాక్టర్ వచ్చి చార్టు చూశాడు. ఆమె తన తప్పు తానే చెప్పుకుంది. ఆయన తిట్టలేదు. "ఇదివరకు పదమూడు గంటలకు కూసేది, ఇప్పుడు ఇరవై నాలుగున్నరకు. అంటే రక్తంలో క్రిములు పలచబడ్డాయి. ఓడిపోయామని కాదు. గెలిచామనీ కాదు. మోతాదులు మాత్రం తప్పకూడదు."

పెద్ద డాక్టరమ్మ మాత్రం వదల్లేదు. మర్నాడు గదిలోకి పిలిచి, "రక్తం సీసాల వైపు రావద్దు. మీ అత్తగారు ఇంటికి వెళ్ళేదాకా నువ్వు మూత్రం పరీక్షల బల్ల దగ్గరే," అంది. "నువ్వు చెప్పే మాట మీద మందు ఆగుతుంది, మందు సాగుతుంది. నీకు తెలుసనే ఇంతకంటే ఏమీ అనడం లేదు."

అలా ఆమె బయటివాళ్ళలో ఒకతె అయింది. రోగుల చుట్టాలు ఫలితాల కిటికీ దగ్గర ఎలా నిలబడతారో, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు ఎలా మార్చుకుంటారో ఇన్నేళ్ళూ లోపలి నుంచి చూసింది. ఇప్పుడు తానూ అంతే. గది అవతల యంత్రం కూస్తే చేతిలో గొట్టం పక్కన పెట్టి తాత వైపు చూసేది. తాత లేచి వెళ్ళి, దీపం చూసి, ఆమె వైపు తిరిగి తల అడ్డంగా ఊపేవాడు. మీది కాదు అని. అంతకు మించి ఆయనా చెప్పకూడదు. ఇంట్లో భర్త మూడు రోజులు ముక్తసరిగా మాట్లాడాడు. నాలుగో రోజు టీ కలిపి ఒక కప్పు ఆమె ముందు పెట్టాడు, పంచదార మర్చిపోయాడు. ఆమె ఆ చేదు టీ చివరిదాకా తాగింది.

ఈలోగా ఇంకో రెండు సీసాలు ఎక్కాయి. ఒక్కొక్కటీ అయిదు రోజులు. మొదటిది కూయలేదు. రెండోదీ కూయలేదు. ఈసారి ఆ మాట డాక్టరే మంచం దగ్గరకు వచ్చి చెప్పాడు, కోడలు తలుపు దగ్గరే నిలబడి వింది.

కానీ సంతోషపడే వీలు లేకపోయింది. అప్పటికే అత్తగారి పాదాలు ఉబ్బాయి. మూత్రం తగ్గింది. రక్తంలో కిడ్నీల అంకె రోజురోజుకూ ఎక్కుతూ మామూలుకు రెండింతలు దాటింది. ఆ రెండింటిలో మొదటి సీసా మూడు రోజులు మౌనంగా ఉండగానే, మందులు కలిపిన ఆరో రోజున, డాక్టరు పాత మందు ఆపేశాడు. వాన్కోమైసిన్ బదులు కిడ్నీల జోలికి అంతగా పోని ఇంకో మందు పెట్టాడు.

"ఒర కోసుకుపోయిందా?" అంది అత్తగారు.

"కొంచెం గీసుకుంది. మానుతుందనుకుంటున్నా."

"ఎప్పటికి?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "రేపు చూద్దాం," అన్నాడు. అత్తగారు పకపకా నవ్వింది, నవ్వితే నడుము లాగి మళ్ళీ మూలిగింది. కోడలికి ఆ మాట మీద మొదటిసారి కోపం రాలేదు. రేపు చూడడం తప్ప ఆయన మాత్రం చేయగలిగింది ఏముంది?

అంకె నాలుగు రోజులు పైనే వేలాడింది. అయిదో రోజు కాస్త జారింది. తరువాత మెల్లమెల్లగా దిగింది, పూర్తిగా పాత చోటికి మాత్రం రాలేదు. ఇంకో అయిదు వారాలు సెలైన్ మందు సాగింది. రక్తం సీసా మళ్ళీ కూయలేదు.

ఆసుపత్రి వదిలే రోజున కోడలు డాక్టరును పట్టుకుంది. "సర్, నిజం చెప్పండి. పనిచేసింది ఏది? రెండు మందులు కలపడమేనా?"

"తెలియదమ్మా. చీము తీశాం, మందు కలిపాం, రోజులు గడిచాయి. ఆవిడ గట్టి మనిషి. వీటిలో దేనికి దండ వేయాలో నాకు తెలియదు. మందులు కలపడం వల్లే అని మీ ప్లేటు అంటుంది. ప్లేటుకి కిడ్నీలు ఉండవు." ఆయన ఇంటికి పంపే కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. "మళ్ళీ ఇలాంటి రోగి వస్తే మళ్ళీ ఇంతే ఆలోచిస్తాను. అంతకంటే ధైర్యంగా చెప్పలేను."

ఆమెకు ఆ జవాబు చాలలేదు. ఆటోలో ఇంటిదాకా అదే నమిలింది. కానీ అబద్ధపు ఊరట ఎంత దూరం తీసుకుపోతుందో తెలిసిన మనిషి గనక, ఇంకోటి అడగనందుకు తనలో తానే కొంచెం ఆశ్చర్యపోయింది.

వాళ్ళది మూడో అంతస్తు. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసేవాడి ఇంటికి లిఫ్టు లేదు. అత్తగారు చేతికర్ర ఆనించి, ఒక్కొక్క మెట్టూ ఓపిక కూడదీసుకుని ఎక్కుతోంది. ఎత్తుకుంటానని కొడుకు అన్నాడు. "నిన్ను నేనెత్తుకున్నాను, అది చాలు," అని ఆవిడ అతని చెయ్యి మాత్రం పట్టుకుంది. కోడలు వెనకే, పడితే పట్టుకోవడానికి. ఒక మెట్టు. ఆగడం. ఊపిరి. ఇంకో మెట్టు. మొదటి అంతస్తుకే పదిహేను నిమిషాలు పట్టింది. వెనక నుంచి కోడలి సంచి గోడకు రాసుకుంటూ అటూ ఇటూ మారుతున్న చప్పుడు ఆవిడకు వినబడుతూనే ఉంది.

రెండో అంతస్తు మలుపులో ఆవిడ ఆగి, గోడకానుకుంది.

"అమ్మాయ్, నువ్వు ముందు వెళ్ళి తలుపు తియ్యి. నీ కాళ్ళ దురద చూడలేక నాకు ఆయాసం వస్తోంది."

"పరవాలేదు అత్తయ్యా, ఇక్కడే ఉంటాను."

"వాడున్నాడుగా నా పక్కన. వెళ్ళు."

భర్త ఆమె వైపు చూసి తలూపాడు. ఆమె వాళ్ళను దాటుకుని రెండేసి మెట్లు ఎక్కింది. తాళం తీసింది, మూసి ఉన్న కిటికీలన్నీ తెరిచింది, నీళ్ళు పొయ్యి మీద పెట్టింది, పక్క మీద ఉతికిన దుప్పటి పరిచింది, దిండు ఒకసారి దులిపి పెట్టింది, అటు వైపు బాగాలేదని ఇటు వైపు మార్చింది. తిరిగి గుమ్మంలోకి వచ్చేసరికి కింద ఇంకా ఎనిమిది మెట్లు మిగిలి ఉన్నాయి.